చంపడానికి ఉన్న డబ్బు కాపలాకి ఎందుకు లేదు?

ఈమధ్య మా కౌంటీ (మన జిల్లాలాంటిది) బడ్జెట్ మీటింగ్‌కి వెళ్ళాను. టెక్సాస్‌లో చాలా కౌంటీల్లాగే మా దగ్గరా ఒక ట్రాపర్ ఉన్నాడు. కయోటీలు (తోడేలు జాతికి చెందిన, నక్కలాంటి అడవి జంతువులు) పశువుల జోలికి వస్తున్నాయని ఎవరైనా ఫోన్ చేస్తే వెళ్ళి ఉచ్చులు పెడతాడు, అవసరమైతే కాలుస్తాడు. ఆయనకయ్యే ఖర్చులో కొంత కౌంటీ భరిస్తుంది. ఆ వాటాని ఇంకో ఏడాది కొనసాగించాలా అన్నది ఆ రోజు అజెండాలో ఒక అంశం. ఎవరూ నోరు విప్పకుండానే ఆమోదం పొందింది. కాసేపటికి ఒకావిడ లేచి, కొత్తగా మేకలూ గొర్రెలూ పెంచుకునేవాళ్ళకి కంచె ఖర్చులో కౌంటీ ఏమైనా సాయం చేయగలదా అని అడిగారు. "కంచె మీ సొంత ఆస్తి కదా మ్యాడమ్, దానికి పన్ను డబ్బు ఎలా ఇస్తాం?" అన్నారు కౌంటీవాళ్ళు.

ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మేక కూడా సొంత ఆస్తే. దాన్ని తిన్న కయోటీని చంపడానికి పన్ను డబ్బు వాడొచ్చు, తినకుండా ఆపడానికి మాత్రం వాడకూడదు. ఈ తేడాకి ఆధారం ఏమిటని చాలా రోజులు ఆలోచించాను, చదివాను, పక్క రాంచ్ పెద్దాయనతో వాదించాను. చివరికి నాకు అనిపించింది ఇదీ: ట్రాపర్ ఉండాల్సిందే. కానీ ప్రభుత్వం డబ్బు ముందు కంచెకీ, కుక్కకీ, రాత్రిపూట మందని లోపల పెట్టుకునే దొడ్డికీ వెళ్ళాలి. ట్రాపర్ వంతు ఆ తర్వాతే రావాలి. ఇప్పుడు వరస తలకిందులుగా ఉంది.

నా మాటకి ఒక హద్దు ఉందని ముందే చెప్పాలి. మాది చిన్న మంద, బతుకుతెరువు వేరే ఉద్యోగం. పిల్ల చచ్చిపోతే బాధపడతాను గానీ, బ్యాంకు వాయిదా ఆగిపోదు. పక్క రాంచ్ పెద్దాయనకి అలా కాదు. ఆయన తాతల కాలం నుంచీ గొర్రెల మీదే బతుకుతున్నారు. అందుకే ఆయన అభ్యంతరాల్ని పక్కన పెట్టి ఈ వ్యాసం రాయడం నాకు ఇష్టం లేదు.

ఎవరు చంపారో ముందు తెలియాలి

మనవాళ్ళలో ఒకతను ఊరి బయట కొద్దిగా భూమి కొని మేకల్ని పెట్టాడు. ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, కయోటీలు మేకల్ని చంపేశాయి. ట్రాపర్ నంబరుంటే పంపు" అన్నాడు. గొంతులో ఏడుపు తెలుస్తోంది. నంబర్ పంపి, నేనూ వెళ్ళాను.

మేకలు పొలమంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చెవులు చీలికలయ్యాయి. వెనక తొడలు, తోక దగ్గర కండ నమిలేసి ఉంది. కానీ ఏ ఒక్కదాన్నీ తిన్న జాడ లేదు. బతికినవి ఓ మూల ఒకదానిమీద ఒకటి పడి వణుకుతున్నాయి. కయోటీ పని ఇలా ఉండదు. అది సాధారణంగా దవడ కింద, గొంతు మీద పట్టు పట్టి ఊపిరాడకుండా చేస్తుంది. చంపాక పక్కటెముకల వెనక పొట్ట దగ్గర మొదలుపెట్టి తింటుంది. తిండి కోసం వచ్చింది కాబట్టి ఒకటి దొరికితే చాలావరకు దానితో ఆగుతుంది. ఇలా మందంతా తరిమి, దొరికినచోటల్లా కొరికి వదిలేసేవి ఎక్కువగా ఊరకుక్కలో, ఎవరో పెంచుకుంటున్న కుక్కలో.

అయినా కళ్ళతో చూసి తేల్చేయకూడదు. ట్రాపర్ వచ్చాక చేసిన మొదటి పని, జేబులోంచి కత్తి తీసి ఒక మేక మెడ మీద తోలు ఒలవడం. దవడ దగ్గర గాటు పెట్టి ఛాతీ దాకా జాగ్రత్తగా వెనక్కి లాగాడు. లోపలి కండ లేత గులాబీ రంగులో శుభ్రంగా ఉంది. పళ్ళు దిగిన రంధ్రం గానీ, నెత్తురు గడ్డకట్టిన మచ్చ గానీ లేదు. తర్వాత వెనక కాలి తోలు తీశాడు. అక్కడ తోలుకీ కండకీ మధ్య నల్లగా, జిగటగా నెత్తురు పేరుకుని ఉంది. బతికున్నప్పుడు కరిస్తేనే తోలు కింద అలా నెత్తురు చిమ్ముతుంది. ముందే చచ్చిన జంతువుని తర్వాత వచ్చి పీక్కుతింటే అక్కడ పొడిగా ఉంటుంది. తోలు తీసి చూడకపోతే, రోగంతో పోయిన మేక లెక్క కూడా కయోటీ ఖాతాలోకే పోతుంది. "కయోటీలు కావు" అన్నాడు ట్రాపర్. తర్వాత కొన్ని రోజులకే మా స్నేహితుడు చెట్టుకి కట్టిన కెమెరాలో మెడకి పట్టీలున్న రెండు కుక్కలు కనిపించాయి.

టెక్సాస్ చట్టంలో ఒకే సెక్షన్ కుక్కకీ కయోటీకీ కలిపి వర్తిస్తుంది: పశువుల మీద దాడి చేస్తున్నా, చేయబోతున్నా, ఇప్పుడే చేసినా చంపొచ్చు. కయోటీ విషయంలో అప్పుడు వేట లైసెన్స్ కూడా అక్కర్లేదు. కానీ ఎవరూ పక్కింటి కుక్కని కాల్చడానికి ఇష్టపడరు. కయోటీకి అడిగేవాళ్ళు లేరు. కాబట్టి అనుమానం మొదట దాని మీదకే వెళ్తుంది. ఆ రోజు ట్రాపర్ పనితనం చూశాక ఆయన జీతానికి నేను వ్యతిరేకం కాదని నిశ్చయించుకున్నాను. చంపిందెవరో, ఎటు నుంచి వచ్చిందో, ఏ సందు మూయాలో చెప్పగల మనిషి ఊరికి ఒకరు ఉండాలి. ఆయన చేతికి ఉచ్చులు తప్ప ఇంకేమీ ఇవ్వకపోవడమే నా బాధ.

చంపితే తగ్గుతాయా?

ఫెడరల్ ప్రభుత్వం పశువుల్ని వేటాడే జంతువుల్ని చంపించే పనికి 1931లో చట్టం చేసింది. వ్యవసాయశాఖ కింద ఉన్న వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ ఇప్పటికీ ఏటా యాభై వేలకి పైగా కయోటీల్ని చంపుతోంది. మధ్యలో విషాల కాలం ఒకటి నడిచింది. 1080 అనే విషాన్ని మాంసంలో పెట్టి మైదానాల్లో వదిలేవాళ్ళు. దాన్ని తిన్న గద్దలూ, నక్కలూ, పెంపుడు కుక్కలూ పోయాయి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఫెడరల్ భూముల్లో ఆ విషాల్ని ఆపించాడు. సయనైడ్ చిమ్మే ఎం-44 గొట్టాలకి మాత్రం 1975లో మళ్ళీ అనుమతి వచ్చింది. 2017లో ఐడహోలోని పోకటెల్లో దగ్గర ఇంటి వెనక గుట్టెక్కిన ఒక పిల్లవాడు అలాంటిదాన్ని నీళ్ళ పైపు అనుకుని ముట్టుకున్నాడు. వాడు బతికాడు, వెంట ఉన్న కుక్క వాడి కళ్ళముందే చచ్చిపోయింది.

ఇంత చేసినా ఈ వందేళ్ళలో కయోటీ తగ్గలేదు. ఒకప్పుడు పడమటి మైదానాలకే పరిమితమైనది, తోడేళ్ళు లేకుండా పోయిన చోటల్లా పాకి, ఇప్పుడు తూర్పు తీరం దాకా, దక్షిణాన పనామా దాకా ఉంది. కనోలీ, లాంగ్‌హర్స్ట్ అనే ఇద్దరు 1975లో కాలిఫోర్నియాలో ఒక లెక్క కట్టారు. ఏటా నూటికి డెబ్బై అయిదు కయోటీల్ని చంపుతూ పోయినా, పూర్తిగా తుడిచిపెట్టడానికి యాభై ఏళ్ళు దాటుతుందని తేలింది. అది కంప్యూటర్ నమూనా మాత్రమే, అక్షరసత్యం అనుకోనక్కర్లేదు. కానీ చంపి తగ్గించడం ఎంత కష్టమో చెప్పడానికి అది చాలు.

ఇక్కడ పెద్దాయన నన్ను ఆపారు. "నేను జాతిని తుడిచిపెట్టమనడం లేదు. ఈ వసంతంలో నా గొర్రెపిల్లల్ని తింటున్న దాన్ని తీసేయమంటున్నాను. ఈ రెండూ వేరు కదా?" అన్నారు.

వేరే. ఆయన మాటకి బలమైన ఆధారాలే ఉన్నాయి. యూటా, ఐడహోల్లో గొర్రెలు మేసే కొండల మీద చలికాలంలో హెలికాప్టర్ నుంచి కయోటీల్ని కాల్పించి చూస్తే, ఆ వేసవిలో అక్కడ గొర్రెపిల్లల నష్టం తగ్గింది. ఉత్తర కాలిఫోర్నియాలో హాప్‌లాండ్ పరిశోధనా కేంద్రంలో రేడియో పట్టీలు కట్టి కయోటీల్ని ఏళ్ళ తరబడి గమనించారు. గొర్రెల్ని చంపుతున్నది ప్రధానంగా ఆ ప్రాంతాన్ని ఏలుతున్న, పిల్లలున్న పెద్ద జంటలే. అలాంటి జంటలో ఒకదాన్ని తీసేస్తే కొంతకాలం నష్టం ఆగింది కూడా.

ఈ హాప్‌లాండ్ పరిశోధనని రెండు పక్షాలూ తమకి అనుకూలంగా చెప్పుకుంటాయి. నేను దాన్ని ఇలా చదువుకున్నాను. తప్పు చేసేది కొన్నే. అవి అనుభవం ఉన్నవి, తమ ఇలాకాలో అణువణువూ తెలిసినవి. కాబట్టి ఉచ్చులో అంత తేలిగ్గా పడవు. పడేవి ఎక్కువగా తిరుగుబోతు కుర్రవి, గొర్రె జోలికి వెళ్ళనివి. ఊరికే దొరికినదాన్నల్లా చంపితే అంకె పెరుగుతుంది, అసలు దొంగ అలాగే ఉంటుంది. ఒకవేళ ఆ జంట పోయినా, ఖాళీ అయిన చోటుకి ఇంకో జంట వస్తుంది. వచ్చేది మేకల జోలికి వెళ్ళనిదా, వెళ్ళేదా అన్నది మన చేతుల్లో లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి: యూటాలో కయోటీ జంటలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలితే, అవి గొర్రెపిల్లల్ని చంపడం బాగా తగ్గింది. బొరియలో కూనలు ఆకలితో ఎదురుచూస్తుంటేనే అవి పెద్ద వేటకి తెగిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో వాటికి కూనలు, అదే సమయానికి చాలామంది మందల్లో పిల్లలు. మంద ఈనే కాలాన్ని కొంచెం ముందుకో వెనక్కో జరిపితే, లేదా ఆ కొన్ని వారాలు కాపలా గట్టిగా పెడితే, ఉచ్చు లేకుండానే చాలా నష్టం ఆగుతుంది.

అందుకని, దొంగ ఎవరో తేలాక, మిగతా దారులన్నీ ప్రయత్నించాక కాల్చడాన్ని నేను తప్పు పట్టను. పెద్దాయన పరిస్థితిలో ఉంటే నేనూ కాలుస్తాను.

కాపలా అంటే తేలికేం కాదు

జంతుప్రేమికులు కొందరు "కుక్కని పెట్టుకోండి, గాడిదని పెట్టుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పెంచేవాళ్ళకి ఈ మాటలు వింటే ఒళ్ళు మండుతుంది. మండటం న్యాయమే.

కుక్క సంగతి చూడండి. గ్రేట్ పిరనీస్, అనటోలియన్, మరెమ్మా జాతులు యూరప్, టర్కీ కొండల్లో శతాబ్దాలుగా మందల్ని కాస్తున్నాయి. అమెరికాలో మాత్రం విషాలు ఆగిపోయాక, 1970ల చివర్లో గానీ వీటిమీద గట్టిగా దృష్టి పడలేదు. మసాచుసెట్స్‌లో హ్యాంప్‌షైర్ కాలేజీ నుంచి కాపింగర్ దంపతులు రైతులకి కూనల్ని ఇచ్చి ఫలితాలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు టెక్సాస్‌లో శాన్ ఆంజెలో కేంద్రంగా ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ పని చేస్తున్నారు. వీళ్ళందరూ చెప్పేది ఒకటే. కూనని నెలల పిల్లగా ఉన్నప్పుడే మేకల మధ్య పెట్టాలి. దానికి రెండేళ్ళు వచ్చేదాకా పూర్తిగా నమ్మడానికి లేదు. కుర్రతనంలో ఆడుకుంటూ మేకపిల్ల చెవి కొరికేస్తుంది. మగకుక్కయితే కంచె దాటి మైళ్ళు తిరిగొస్తుంది. రాత్రంతా మొరుగుతుంది, పక్కింటివాళ్ళు ఊరుకోరు.

మా పిరనీస్ పగలంతా నీటితొట్టి పక్కన చచ్చినట్టు పడి నిద్రపోతుంది. చీకటి పడగానే లేచి కంచె వెంబడి నడక మొదలుపెడుతుంది. దూరంగా కయోటీల అరుపు వినగానే మేకలన్నీ దొడ్డి వైపు జరుగుతాయి, అది వాటికీ ఆ అరుపుకీ మధ్య నిలబడి మొరుగుతుంది. వెంటపడి చంపాలని చూడదు. ఇక్కడ మనిషో కుక్కో ఉంది, పోయి కుందేలుని పట్టుకోండి అన్న కబురు అవతలికి చేరితే దాని పని అయిపోయినట్టే. కానీ దాని తిండి, టీకాలు, గుండె పురుగుల మందు, వేసవికి ముందు బొచ్చు దువ్వడం, అన్నీ ఖర్చే. కయోటీ గుంపు పెద్దదైనా, కొండసింహం (ప్యూమా) తిరిగే చోటైనా ఒక్క కుక్క సరిపోదు.

గాడిదకి కుక్కలంటే పుట్టుకతోనే పడదు కాబట్టి కయోటీనీ తరుముతుంది. కానీ ఒక్కదాన్నే పెట్టాలి. రెండుంటే వాటి లోకం వాటిదే, మేకల్ని పట్టించుకోవు. కోయించని మగగాడిద మేకపిల్లల్నే తొక్కి చంపొచ్చు. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. మేకల దాణాలో కాక్సిడియా (పేగుల్లో చేరే పరాన్నజీవి) రాకుండా కలిపే మొనెన్సిన్ అనే మందు గాడిదకీ గుర్రానికీ ప్రాణాంతకం. మేకల తొట్టిలో మూతిపెట్టిందంటే గుండె దెబ్బతిని పోతుంది. ఒంటె జాతికి చెందిన లామాకీ ఇలాంటి షరతులే ఉన్నాయి, అదీ ఒంటరిగా ఉంటేనే కాపలా కాస్తుంది.

కంచె అన్నిటికన్నా నమ్మకమైనది, అన్నిటికన్నా ఎక్కువ ఒళ్ళు వంచాల్సిందీ అదే. కయోటీ చాలావరకు దూకదు, కింద నుంచి దూరుతుంది. జానెడు సందు చాలు. వర్షానికి వాగు కోసిన చోట, అడవిపంది ఎత్తిన చోట, గేటు కింద అరిగిన చోట వెతికి మరీ వస్తుంది. అందుకే కింద తీగవలని బయటివైపు నేలమీద పరిచి మట్టి కప్పుతారు, లేదా నేలకి దగ్గరగా ఒక కరెంట్ తీగ లాగుతారు. ముక్కుకి ఒక్కసారి గట్టిగా షాక్ తగిలితే మళ్ళీ ఆ వైపు రావడానికి జంకుతుంది. ఆ షాక్ గట్టిగా ఉండాలంటే గ్రౌండ్ రాడ్లు తడినేలలో లోతుగా దిగి ఉండాలి. మా టెక్సాస్ ఆగస్టులో నేల బండలా ఎండిపోతుంది, కరెంట్ తిరిగి రాదు, తీగ ముట్టుకున్నా చీమ కుట్టినట్టుంటుంది. అప్పుడు తీగల్ని ఒకటి కరెంట్‌ది, ఒకటి ఎర్త్‌ది వచ్చేలా మార్చి కట్టాలి. గడ్డి పెరిగి తీగకి తగిలినా వోల్టేజీ పడిపోతుంది. మీటర్ పట్టుకుని కంచె వెంబడి నడవడం ఒకసారితో అయిపోయే పని కాదు.

కోళ్ళకైతే ఇంకో గొడవ. షాపుల్లో కోళ్ళ వల అని అమ్మేది కోడిని లోపల ఉంచడానికే తప్ప రకూన్‌ని (చేతుల్లాంటి ముంగాళ్ళున్న, రాత్రిపూట తిరిగే చిన్న జంతువు) బయట ఉంచడానికి పనికిరాదు. రకూన్ చెయ్యి లోపలికి పెట్టి కోడిని కన్నంలోంచే లాగి తింటుంది, మామూలు గొళ్ళెం తీసేస్తుంది. అరంగుళం కన్నాల గట్టి ఇనుప వల, రెండు కదలికలు చేస్తేగాని తెరుచుకోని గొళ్ళెం ఉండాలి. ఈనిన చోట మావి, చచ్చిన పిల్ల పడి ఉంటే కయోటీలకే కాదు నల్ల రాబందులకీ పిలుపే. అవి ఈనుతున్న మేక చుట్టూ మూగి, పిల్ల పూర్తిగా బయటపడకముందే కళ్ళు పొడుస్తాయి. ఫెడరల్ రక్షణ ఉన్న పక్షి కాబట్టి పర్మిట్ లేకుండా కాల్చకూడదు. దానికి కప్పున్న దొడ్డిలో ఈనేలా చూసుకోవడమే మందు.

ఇదంతా వింటే మా నాన్నగారు ఆశ్చర్యపోలేదు. "మనవైపు గొల్లలు మంద మధ్యే గొంగళి పరుచుకుని పడుకునేవాళ్ళు. మీకు రాత్రి మంద దగ్గర మనిషి లేడు, అందుకే ఇన్ని కావలసి వస్తున్నాయి" అన్నారు. ఆయన సరిగ్గా పట్టుకున్నారు. కంచె, కుక్క, గాడిద, ఇవన్నీ ఆ కాపరికి బదులు. కాపరికి జీతం ఇవ్వలేని దేశంలో ఈ ఖర్చునైనా ఎవరో ఒకరు పంచుకోవాలి.

డబ్బు ఎటు పోతోంది

ఫెడరల్ నష్టపరిహారం పథకం ఒకటి ఉంది. ప్రభుత్వం తెచ్చి వదిలిన తోడేళ్ళు, చట్టరక్షణ ఉన్న రాబందులు పశువుల్ని చంపితే మార్కెట్ విలువలో 75 శాతం ఇచ్చేవాళ్ళు, 2025 చట్టంతో అది పూర్తి విలువ అయింది. కయోటీకి రక్షణ లేదు కాబట్టి అది చంపితే పైసా రాదు. అంటే అన్నిటికన్నా ఎక్కువ గొర్రెల్ని చంపే జంతువు విషయంలో రైతుకి ప్రభుత్వం నుంచి దొరికే సాయం చాలావరకు ఉచ్చు ఒక్కటే. అలాంటప్పుడు పెద్దాయనలాంటివాళ్ళు ట్రాపర్‌ని గట్టిగా పట్టుకుని వేలాడటంలో వింతేమీ లేదు. ఉన్న ఒక్క సాయాన్ని ఎవరు వదులుకుంటారు?

ఇంకో దారి ఉందని చూపించిన కౌంటీ కాలిఫోర్నియాలోని మెరిన్. అక్కడ 2000 ప్రాంతంలో ఫెడరల్ ట్రాపర్ ఒప్పందం ఆపేసి, ఆ డబ్బుని గొర్రెల రైతుల కంచెలకీ, కాపలా కుక్కలకీ పంచే పథకం పెట్టారు. మొదట్లో గొర్రెల రైతులు కోపంగా ఉన్నారు. తర్వాత చాలామంది చేరారు. దీన్ని గొప్ప విజయంగా చెప్పేవాళ్ళు ఒక మాట మర్చిపోతారు: అక్కడి రైతులకి తమ భూమిలో కయోటీని తామే కాల్చుకునే హక్కు అలాగే ఉంది, కొందరు కాలుస్తూనే ఉన్నారు. కాబట్టి నష్టం తగ్గినా, అదంతా కంచెల వల్లే అని తేల్చలేం. పైగా అక్కడివి చిన్న, మధ్య రకం మందలు. మా టెక్సాస్‌లోని ఎడ్వర్డ్స్ పీఠభూమి మీద వేల ఎకరాల్లో రాళ్ళూ ముళ్ళచెట్ల మధ్య మేసే మందని రోజూ సాయంత్రం దొడ్డికి తోలమంటే కుదరదు. తోలినా, ఇరుకులో పిల్లలకి కాక్సిడియా పట్టుకుంటే కయోటీ తిన్నవాటికన్నా ఎక్కువే పోతాయి.

ఈ దేశంలో 1940ల మొదట్లో ఐదున్నర కోట్లకి పైగా గొర్రెలుండేవి. ఇప్పుడు యాభై లక్షల దగ్గర ఉన్నాయి. దానికి కయోటీయే కారణమని గొర్రెల రైతుల్లో బలమైన నమ్మకం. కిమ్ బెర్గర్ అనే పరిశోధకురాలు 2006లో ఆ లెక్కలన్నీ తవ్వి చూస్తే, ఎండుగడ్డి ధర, కూలి రేట్లు, గొర్రెపిల్ల ధర లాంటివే ఎక్కువ ప్రభావం చూపాయని తేలింది. కయోటీలు ఆలస్యంగా చేరిన తూర్పు రాష్ట్రాల్లో కూడా గొర్రెలు అలాగే తగ్గిపోయాయి. ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవన్నీ నా చేతుల్లో లేనివి. కయోటీ ఒక్కటే నేను ఏమైనా చేయగలిగింది" అన్నారు. నాకు అప్పుడు వాదన గెలవాలన్న కోరిక పోయింది. ఆయన చేయగలిగిన ఆ ఒక్క పనినీ మరింత బాగా చేసే వీలు కల్పించడమే కౌంటీ చేయాలి.

కాబట్టి వచ్చే బడ్జెట్‌కి ముందు నేను రాతపూర్వకంగా అడగబోయేవి ఇవి. ట్రాపర్ పదవి ఉండాలి, కానీ ఫోన్ వచ్చిన ప్రతిచోటా ముందు తోలు తీసి చూసి చంపిందేమిటో రాయడం, కంచెలో సందులు చూపించడం ఆయన ఉద్యోగంలో భాగం కావాలి. కౌంటీ వాటాలో సగం, కంచె సామానుకీ, కుక్కకి నమ్మకం కుదిరే ఆ మొదటి రెండేళ్ళ తిండికీ, రైతు సగం పెట్టుకుంటే మిగతా సగంగా ఇవ్వాలి. చిన్న మందలకి ఈనే కాలంలో వాడుకోవడానికి కరెంట్ వలలు అద్దెకి దొరకాలి. దొడ్డికి తోలలేని పెద్ద రాంచ్‌లకి ట్రాపర్ సేవ ఇప్పటిలాగే కొనసాగాలి, దొంగ ఎవరో తేలిన చోట ఉచ్చుకి అడ్డు చెప్పకూడదు. మూడేళ్ళు నష్టాల లెక్క నిజాయితీగా రాద్దాం. అప్పటికీ తగ్గకపోతే ఆ సగం డబ్బు మళ్ళీ ట్రాపర్‌కే ఇచ్చేయమని నేనే మొదట చెయ్యెత్తుతాను. ఈ షరతు మీద పెద్దాయన కూడా సంతకం పెడతానన్నారు. రెండేళ్ళు చాలదా అని నేనంటే, కుక్క పనికొచ్చేదాకే రెండేళ్ళు పడుతుంది, మూడు రాయమన్నది ఆయనే.